ఇటుకల దిబ్బ చుట్టూ

శుక్రవారం మధ్యాహ్నం దవాఖాన నుంచి ఆటోలో ఇంటికొస్తుంటే మా ఆయన అన్నాడు, "ఇగ నేను మిషన్ మీదికి ఎక్క. ఇయ్యాల్టితోని ఖతం."

నేను ఆ సమయానికి మలుపు దగ్గర ఆపమని ఆటో అతనికి చెప్తున్నాను. ఆ మాట విని కూడా విననట్టే ఉన్నాను. ఇంటి ముందు దిగి, తాళం తీసి, ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, చేతి పట్టీ మీద నెత్తురు ఊరిందేమో చూసి, అప్పుడు అడిగాను.

"ఆటోల ఏమంటివి బావా?"

"ఇన్నవు గద," అన్నాడు.

ఆయన రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసి అప్పటికి మూడేళ్లు దాటింది. సోమ, బుధ, శుక్రవారాలు నల్లగొండ దవాఖానలో రక్తం శుభ్రం చేసే మిషన్ మీద సగం పూట పడుకోవాలి. ఆ మిషన్ ఆపితే మనిషి ఎక్కువ రోజులు ఉండడని డాక్టరు మొదట్లోనే మొహమాటం లేకుండా చెప్పాడు. కాబట్టి ఆయన ఏం చెప్తున్నాడో నాకు అర్థం కాకపోవడమంటూ ఏమీ లేదు.

నిజం చెప్తున్నాను. ఆ మాట వినగానే మొదట నాకు వేసింది భయం కాదు. సోమవారం చీకటితో లేవనక్కర్లేదు అనిపించింది. అంతే, ఒక్క క్షణం. ఆ తర్వాత వేసిన భయం మాత్రం నన్ను చూసుకుని వేసిన భయం.

మూడేళ్లలో నేను ఎంత అలిసిపోయానో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. రోగం ఆయనది, అలసట నాది అంటే వినేవాళ్లు ఏమనుకుంటారు? కూరగాయల ముక్కలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి, ఉప్పు లేకుండా వండాలి. ఊరి చుట్టూ బత్తాయి తోటలే, ఆయన మాత్రం తొన ముట్టరాదు. రోజుకు ఇన్ని నీళ్లే అని ఒక సీసాలో కొలిచి పెట్టాలి. అంతకు మించితే ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరాడదు. ఎండాకాలం ఆ సీసా వంక ఆయన చూసే చూపు నేను చూడలేను. అందుకే నేను ఆయన ముందు నీళ్లు తాగడం మానేశాను. దాహమైతే వంటింట్లోకి పోయి, తలుపు చాటున చెంబెత్తి గుటగుటా తాగి, మూతి తుడుచుకుని వచ్చేదాన్ని. ఆయన లేచిన తర్వాత జాకెట్లు కుట్టడం, పడుకున్న తర్వాత హుక్సులు, కాజాలు. దర్జీ పని మీదే ఇల్లు నడిచేది. ఆయన బోరుమోటార్లకు వైండింగ్ చేసే షాపు ఎప్పుడో మూతపడింది.

ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టాను. మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ చదువుతున్న బిడ్డ ముఖం ఎట్లా చూస్తావన్నాను. ఆయన గోడకు ఒరిగి అంతా విన్నాడు. చివరికి, "ఒక్కటి అడుగుత, కాదనకు," అన్నాడు. "సోమారం దాంక ఎట్లనూ మిషన్ లేదు. శనారం ఐతారం బయటికి పోదాం. టూరిస్టులోలె పోదాం. లాడ్జిల ఉందాం. ఫణిగిరి గుట్ట ఎక్కుదాం, మా ఊరి ఇటుకల దిబ్బ చూద్దాం. వచ్చినంక మల్ల నన్ను దవాఖానకు వస్తవా అని మాత్రం అడగొద్దు."

"అడగ," అన్నాను. అబద్ధమే ఆడాను. తీసుకుపోతే మనసు మారకపోతుందా అని ఆశ.

ఫణిగిరి మీద ఎన్నో వందల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉండేవాళ్లు. వాళ్ల స్తూపం, రాతి స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. మా ఆయన పుట్టిన ఊరు అక్కడికి దగ్గరే. జిల్లాలు మారిన తర్వాత అదంతా సూర్యాపేట కిందికి పోయింది గానీ ఆయన మాత్రం ఇప్పటికీ మాది నల్లగొండ జిల్లానే అంటాడు. వాళ్లది గొర్లు కాసుకునే ఇల్లు. చిన్నప్పుడు ఆ గుట్టల మీదే తిరిగాడు. వాళ్ల ఊరి పొలాల మధ్య ఉన్న ఇటుకల దిబ్బ కూడా బౌద్ధుల స్తూపమేనని ఎవరో వచ్చి చూసి చెప్పిపోయారట. దవాఖాన వార్డులో టీవీలో ఒకరోజు ఫణిగిరిని చూపించారు. పక్క మంచం ఆయనతో మా ఆయన, "గది నేను గొర్లు కాసిన జాగా," అన్నాడు. అతను నమ్మలేదు. అప్పటి నుంచి మా ఆయన మనసు గుట్ట మీదికి పోయింది.

"మీ ఊర్లె మీవోళ్ల ఇల్లు ఉండంగ లాడ్జి ఎందుకు?" అన్నాను.

"ఆడికి పోతే మంచమేసి పండవెడ్తరు. ఒక్కొక్కలు వచ్చి చూసిపోతరు. కిరాయి కట్టి ఉంటే ఎవ్వడు అడగడు," అన్నాడు.

మాట నిజమే. నేను కూడా ఆ చూపులకు విసిగిపోయి ఉన్నాను.

శనివారం పొద్దున బస్సెక్కాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా భుజానికి సంచి. అందులో మందులు, తువ్వాళ్లు, ఉప్పు లేని పప్పు, చిన్న కరెంటు కుక్కర్, బియ్యం, ఆయనకు కొలిచిన నీళ్ల సీసా, అడుగున నా సీసా. బయట ఎక్కడా ఆయన తినే తిండి దొరకదు. నకిరేకల్‌లో బస్సు ఆగితే నిమ్మకాయల వాసన లోపలికి కొట్టింది. ఆయన ఆ వాసన గట్టిగా పీల్చుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. హైవే ఎక్కిన తర్వాత కూర్చున్నచోటే నిద్రపోయాను. సూర్యాపేటలో ఆయనే నన్ను తట్టి లేపాడు.

బస్టాండ్ దగ్గర లాడ్జిలో మెట్లు లేని గది కావాలంటే జనరేటర్ పక్క గది ఇచ్చారు. కౌంటర్‌లో కూర్చున్నతను మా ఆధార్ కార్డులు చూస్తూ, "ఏం పని మీద వచ్చిండ్రు సార్?" అని అడిగాడు.

"గుట్టలు చూద్దామని. టూరిస్టులం," అన్నాడు మా ఆయన ఛాతీ నిలబెట్టి.

అతను నా సంచిలోంచి పైకి కనిపిస్తున్న కుక్కర్ మూత వంక చూశాడు. "టూరిస్టులు కుక్కర్లు గూడ పట్టుకొస్తున్నరా ఇప్పుడు?" అన్నాడు. చాలా రోజుల తర్వాత మా ఆయన పళ్లు కనిపించేలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గదిలో ప్లగ్గు పనిచేస్తుందో లేదో అన్న ఫికర్‌లో ఉన్నాను. పనిచేసింది. అన్నం వండి, తినిపించి, మాత్రలు వేసి, ఎండ కొంచెం తగ్గాక జనగాం రోడ్డు మీద పోయే బస్సెక్కాం. దిగిన దగ్గర నుంచి గుట్ట కింది దాకా ఆటో.

ఎండలు ముదరకముందు రోజులవి. దారి పక్కన మోదుగుచెట్లకు ఆకులు లేవు, పూలే ఉన్నాయి. గుట్ట కింద నిలబడి ఆయన తలెత్తి మెట్లు చూశాడు. అక్కడి వాచ్‌మన్ ఆయన ఉబ్బిన కాళ్లు చూసి, "పెద్దమనిషీ, పానం బాగలేనట్టున్నది. కింద నీడకు కూసోరాదు, అమ్మ పోయి చూసొస్తది," అన్నాడు. మంచికే అన్నాడు. మా ఆయనకు మాత్రం ఎక్కడో కాలింది. "నువ్వు పుట్టకముందు ఎక్కిన్నయ్యా ఈ గుట్ట," అని మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

కాసేపు ఎక్కడం, కాసేపు నిలబడడం. నేను వెనక నుంచి ఎప్పుడు పడిపోతాడో అని చేతులు సాచి ఎక్కుతున్నాను. బుద్ధుడి గుట్ట ఎక్కుతున్నానని గానీ, చుట్టూ ఏముందని గానీ నాకు సోయి లేదు. ఆయన మడమలే చూస్తూ ఎక్కాను. సీసాలో ఆ రోజుకు మిగిలిన నీళ్లన్నీ ఆ మెట్ల మీదే అయిపోయాయి.

పైన గాలి బాగుంది. గుండ్రంగా పెద్ద ఇటుకల కట్టడం, వరసల్లో నిలబడ్డ రాతి స్తంభాలు, అక్కడక్కడ చెక్కిన రాళ్లు. కాలేజీ పిల్లలు కొందరు ఫొటోలు దిగుతున్నారు. ఆయన ఒక స్తంభానికి చెయ్యి ఆనించి, "ఈ కంబాల నడుమ మేము దాగుడుమూతలు ఆడేటోళ్లం. మేకలు పైకెక్కి ఆ రాయి మీద నిలవడేటియి," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ముఖంలో రోగం లేదు. నన్ను ఆ స్తంభం పక్కన నిలబెట్టి ఫోన్‌లో ఫొటో తీశాడు. ఆ ఫొటో ఇప్పుడు చూసుకుంటే నా కళ్లు సగం మూసుకుపోయి ఉన్నాయి.

దిగేముందు ఆయన అడిగాడు, "జర నీళ్లియ్యి."

"అయిపోయినయి."

"నీ సీసల ఉన్నయి గద."

నా సీసా ఉంది. అందులో నీళ్లూ ఉన్నాయి. "వద్దు బావా, ఇయ్యాల్టి లెక్క అయిపోయింది," అన్నాను. కాలేజీ పిల్లలు మా వైపు చూశారు. మొగుడు దాహమని అడుగుతుంటే సీసా సంచిలోకి నెట్టుకుంటున్న ఆడదాన్ని చూసి వాళ్లు ఏమనుకున్నారో నాకు తెలుసు. ఆయన గొంతు తగ్గించి, "ఈడ బతికిన సన్యాసులకు ఎవరన్న ఇన్ని నీళ్లు పోసుంటరు," అని దిగడం మొదలుపెట్టాడు.

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. అయినా సీసా సంచిలోనే ఉంచి, దిగేటప్పుడు ఆయన్ని పట్టుకున్నాను.

లాడ్జికొచ్చాక కాళ్లు దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు. నేను ఆ కాళ్లు ఒత్తుతుంటే బిడ్డ ఫోన్ చేసింది. "అమ్మా, సోమారం బాపు తోని దవాఖానకు నన్ను రమ్మంటవా? నాకు సెలవున్నది," అంది. ఫోన్ గొంతు ఆయనకూ వినిపించింది. ఆయన గోడ వైపు తిరిగాడు. "ఎందుకు బిడ్డా, నేను ఉన్న గద," అన్నాను. దానికి ఇంకేమీ చెప్పలేదు. చెప్తే ఏడ్చేది, దాని ఏడుపు కూడా నేనే మోయాలి.

ఫోన్ పెట్టేశాక ఆయన గోడ వైపే ఉండి అన్నాడు, "రేపు దిబ్బ చుట్టు తిరగాలె."

"ఎందుకు?"

"గొర్లకు రోగం తగిలితె మావోళ్లు తిప్పేటోళ్లు."

నాకు ఆ ముచ్చట తెలియదు. నేను ఆయన మేనమామ కూతుర్నే గానీ పెరిగింది నకిరేకల్‌లో. పెళ్లయ్యాక వాళ్ల ఊరు పోయినా ఇల్లు దాటి దిబ్బ దాకా ఎన్నడూ పోలేదు. ఆయన చెప్పాడు. మందలో రోగం వస్తే ఊరి గొర్లకాపర్లందరూ గొర్లను దిబ్బ దగ్గరికి తోలుకుపోయేవాళ్లట. దిబ్బను కుడిచేతి పక్కన ఉంచి ఒక్క చుట్టు తిప్పేవాళ్లు. దిబ్బలో ఏ దేవుడున్నాడో వాళ్లకు తెలియదు, తాతల నాటి నుంచి తిప్పుతున్నారు కాబట్టి తిప్పేవాళ్లు. అయితే దానికొక కట్టడి ఉండేది. చేతిలో కర్ర ఉండొద్దు. కుక్కను తేవొద్దు. నడుమ ఏదైనా గొర్రె చాతగాక కూర్చుంటే దాన్ని కొట్టి లేపొద్దు, ఎత్తుకొని పోవొద్దు.

"మరేం జేస్తరు?" అన్నాను.

"మంద మొత్తం ఆగాలె. అది లేశే దాంక ఒక్కటి గూడ ముందట పడొద్దు. దాన్నిడిసిపెట్టి తిరిగితే ఆ చుట్టు లెక్కకు రాదు." దుప్పటి లాక్కుంటూ, "ఒకపారి మా బాపు పొద్దు గూకే దాంక నిలవడ్డడు, ఒక్క ముసలి గొర్రె కోసం," అన్నాడు.

ఆయన నిద్రపోయాక స్నానాల గదిలోకి పోయి, తలుపు దగ్గరికి వేసి, నీళ్లు తాగాను.

ఆదివారం పొద్దున గది ఖాళీ చేసి, ఆటో మాట్లాడుకుని ఆయన ఊరికి పోయాం. ఊరి వాళ్లు గుర్తుపట్టకుండా ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని సగం ముఖం కప్పుకున్నాడు. సొంత ఊరికి దొంగలా పోవడం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పత్తి ఏరేసిన చేన్ల మధ్య ఆటో ఆగింది. ఆటో అతన్ని అక్కడే ఉండమని చెప్పి గట్టు మీద నడిచాం.

ఫణిగిరి చూసిన కళ్లకు ఆ దిబ్బ ఏమీ కాదు. మట్టి గుట్టలాగా ఉంది, నాలుగు తుమ్మచెట్లు, కింద అక్కడక్కడ బయటపడిన వెడల్పాటి ఇటుకలు. చుట్టూ ఎప్పుడో వేసిన ముళ్లతీగ ఒకవైపు పడిపోయింది. బోర్డు మీద రంగు పోయి రేకు మిగిలింది. "చిన్నగైంది," అన్నాడు ఆయన. "మా అరుగుకు ఈ ఇటుకలే. మా ఊర్లె అందరి అరుగులకు ఈ ఇటుకలే." తర్వాత తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. నా భుజం మీది సంచి ఇమ్మని అడిగాడు, నేను ఇవ్వలేదు.

దిబ్బను కుడిచేతి పక్కన పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నేను వెనక. ఆయన అడుగులు చిన్నవి, కానీ ఎక్కడా ఆగడం లేదు. నాకు ఒక్కటే ఆలోచన. ఈ చుట్టు అయిపోతే ట్రిప్పు అయిపోతుంది. సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. తెల్లారితే సోమవారం. నేను అడగొద్దు. అడగకపోతే ఆయన పోడు. అడిగితే మాట తప్పినదాన్నవుతాను, అయినా పోడు. ఈ మనిషిని నేను మోసి దవాఖానలో పడేయలేను.

దిబ్బ వెనక పక్కకు వచ్చేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. కూర్చోవాలనుకుని కూర్చోలేదు. సంచి భుజం మీద నుంచి జారింది, దాని వెంట నేనూ జారాను. ఇటుకల కుప్ప మీద కూలబడ్డాను. లోపల కుక్కర్ గిన్నె చప్పుడైంది.

ఆ చప్పుడుకు ఆయన ఆగి వెనక్కి చూశాడు.

"ఏమైంది?"

"ఏం కాలే. నువ్వు పో. తిరిగి రా. నేనీడనే ఉంట."

ఆయన పోలేదు. దగ్గరికీ రాలేదు. ఎక్కడ ఆగాడో అక్కడే నిలబడ్డాడు.

"పోరాదు బావా, ఎండ ఎక్కుతాంది."

"గట్ల లెక్కకు రాదు," అన్నాడు.

"నేనేమన్న గొర్రెనా?" అన్నాను. నవ్వులాటకే అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. మూడేళ్లు ఎక్కడ దాచుకున్నానో అంత ఏడుపు. "నాకు చాతనైతలేదు బావా," అన్నాను. "నీళ్లు కొలిచి కొలిచి నా చేతులు విరిగినయి. నువ్వు సస్తనంటున్నవ్. నిన్ను బతికించుట్ల నేను సస్తున్న. ఎవ్వలన్న ఒక్కలు నువ్వెట్లున్నవని నన్ను అడిగిండ్రా?" ఇంకా ఏమేమో అన్నాను. అందులో సగం ఆయన మీద, సగం నా మీద. తుమ్మచెట్ల మీది పిట్టలు లేచిపోయాయి.

ఆయన ఊరుకోమనలేదు. ఓదార్చలేదు. ఒకసారి ఎడమ కాలి మీద, ఒకసారి కుడి కాలి మీద బరువు మార్చుకుంటూ నిలబడే ఉన్నాడు. ఆ ఉబ్బిన కాళ్లతో నిలబడడం ఎంత నొప్పో నాకు తెలుసు. కూర్చోమని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆ ఒక్క పూటకు ఆయనకు ఏం చేయాలో చెప్పే ఓపిక నాకు లేదు.

నా ఏడుపు దానంతట అదే తగ్గాక అన్నాడు, "నువ్వైతె అడగలే. నేనే చెప్తున్న. రేపు పొద్దుగాల నువ్వు లేవకు. పండుకో. నేను ఆటో మాట్లాడుకొని మిషన్‌కు పోత. అయినంక నేనే వస్త."

నేను తలెత్తి చూశాను. ఆయన నా వైపు చూడడం లేదు, దిబ్బ వైపు చూస్తున్నాడు.

"బుధారం?" అన్నాను.

"బుధారం గూడ."

వెంటనే లేవబుద్ధి కాలేదు. సంచిలోంచి ఆయన సీసా తీసి ఇచ్చాను, ఎండకు పెదాలు ఆరిపోయి ఉన్నాయని. ఒక్క గుక్క తాగాడు. మూత బిగించి పక్కన పెట్టి, వంగి నా సంచిలో చెయ్యి పెట్టి నా సీసా బయటికి తీశాడు. మూత తీసి నా చేతికిచ్చాడు.

"తాగు. పొద్దటిసంది తాగలే."

"దూప లేదు."

"వంటింట్ల తలుపేసుకొని తాగుతవ్. ఎరుకలేదా నాకు," అన్నాడు. "ఈడ తలుపు లేదు. తాగు."

మూడేళ్ల తర్వాత ఆయన కళ్ల ముందు సీసా ఎత్తాను. మొదటి గుక్క దిగలేదు. ఆయన చూపు తిప్పుకోలేదు. సీసా ఖాళీ అయ్యేదాకా తాగాను. ఆ తర్వాత ఇద్దరం మిగిలిన సగం చుట్టు తిరిగాం, సంచి ఆయన భుజాన ఉంది.